పదేళ్లు అడగని అప్పు

ఇప్పటి పిల్లలకు చదువు అప్పు అనగానే బ్యాంకు గుర్తొస్తుంది. తారీఖు రాగానే ఫోను మోగుతుంది, ఖాతాలోంచి వాయిదా దానంతటదే పోతుంది. మా కాలంలో ఆ అప్పు ఇచ్చింది సర్కారు. ఇచ్చి, కొన్నాళ్లు వసూలు చేసి, మరిచిపోయింది. దాదాపు పదేళ్ల తర్వాత నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినట్టు లేచి మళ్లీ అడిగింది. ఆ అడిగే పని నా బల్ల మీదికి వచ్చింది. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. రాయమని ఎవరూ అడగలేదు. కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న మీకు ఏమైనా పనికొస్తే మంచిదే, లేదంటే ఒక ముసలాయన ముచ్చట అనుకోండి.

అరవై తొమ్మిదిలో నేను పీయూసీ చదువుతున్నాను. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతబడ్డాయి. ఆ ఏడాదంతా ఊళ్లోనే గడిచింది. మా ఊరు జమ్మికుంటకు దగ్గర, బాపుకు మూడెకరాల చెలక. పత్తి బోరాలు బండిలో వేసుకుని మార్కెట్ యార్డుకు పోయినప్పుడు, మా వంతు వచ్చేదాకా వాటి మీద వెల్లకిలా పడుకునేవాణ్ని. గాలికి లేచిన దూది పింజలు ఎండలో తేలుతూ ఎటో పోతుండేవి. నా చదువు కూడా అట్లాగే ఎటో పోయిందనుకున్నాను. మరుసటి ఏడు కరీంనగర్‌లో కాలేజీ తెరిచాక ఒక లెక్చరర్ పిలిచి, మార్కులున్న పేద పిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్పు అప్పుగా ఇస్తుందనీ, ఉద్యోగం వచ్చాక నెలనెలా తిరిగి కట్టాలనీ చెప్పారు. స్టాంపు కాగితం మీద నేనూ, నేను కట్టకపోతే తాను కట్టేటట్టు జమానతుగా ఊళ్లో ఒకాయనా సంతకాలు పెట్టాం. కాగితం చదివి వినిపిస్తే బాపు ఒక్కటే అడిగాడు. "ఇచ్చేటోడు సర్కారు, మంచిదే. అడిగేటోడు ఎవడు?"

డిగ్రీ అయింది. రెండేళ్లకు కరీంనగర్‌లోనే ఒక జిల్లా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. మొదటి జీతం అందుకున్న వారంలోనే ట్రెజరీకి పోయి చలానా కట్టి వచ్చాను. అట్లా నెలకు ముప్పై రూపాయల చొప్పున ఏడు నెలలు కట్టాను. ఎనిమిదో నెల కిటికీ లోపలి గుమాస్తా నా చలానా తిప్పి ఇచ్చేశాడు. పద్దు నంబరు మారిందట, కొత్తది వచ్చాక రమ్మన్నాడు. తర్వాతి నెల పోయాను, రాలేదన్నాడు. ఆ పై నెలా అదే మాట. ఈ అప్పు వసూలు చేయాల్సింది ఎవరని రెండు శాఖల మధ్య ఉత్తరాలు నడుస్తున్నాయని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి నేను పోవడం మానేశాను.

మొదట్లో ఆ ముప్పై రూపాయలు జేబులో ఉంటే ఎవరివో పొరపాటున నా దగ్గరికి వచ్చినట్టుండేది. ఏడాది తిరిగేసరికి అవి నావే అయిపోయాయి. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఊరి శివారులో ఇంటి జాగకు బయానా ఇచ్చాం. అప్పు సంగతి పూర్తిగా మరిచిపోయానని చెప్పను. మధ్యాహ్నం కునుకులో ఉన్నప్పుడు వాడకట్టు చివర ఎవరో మన పేరు పెట్టి పిలిచినట్టు వినబడుతుంది చూడండి, కలో నిజమో తెలియక అటు తిరిగి పడుకుంటాం. ఆ పదేళ్లూ నాకు ఆ అప్పు అట్లా వినబడింది.

మండలాలు కొత్తగా ఏర్పడిన రోజుల్లో పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఉమ్మడిగా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాత రుణ స్కాలర్‌షిప్పులన్నీ వసూలు చేయాలి. మూడు గోనెసంచుల్లో ఫైళ్లు మా ఆఫీసుకు దిగాయి. మా హెడ్ క్లర్కు ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దమనిషి, ఇంకా రెండేళ్లలో రిటైరయ్యేవారు. ఫైలు ఏదైనా సరే, ముందు తన సొంత రుమాలుతో దుమ్ము తుడిచి గాని తెరిచేవారు కాదు. ఆ సంచులను చూసి ఆయన అన్న మాట మా ఆఫీసులో చాలా రోజులు తిరిగింది. "సర్కారుకు మతిమరుపు ఉంటది గని, మతి పోదు బిడ్డా."

పని నాకు అప్పగించారు. వరస నంబరు ప్రకారం జాబితా తయారు చేయాలి, అప్పు తీసుకున్నవాళ్లకూ జమానతు ఉన్నవాళ్లకూ నోటీసులు పంపాలి. మూడో రోజు, రెండో సంచిలో, నా ఫైలు బయటపడింది.

ఆ స్టాంపు కాగితం మీద పందొమ్మిదేళ్ల నా సంతకం ఉంది. అక్షరాలు గుండ్రంగా, పొడుగ్గా, ఎవరో చెయ్యి పట్టి రాయించినట్టున్నాయి. దాన్ని ఎంతసేపు చూశానో తెలియదు. కిటికీలోంచి ఎండ బల్ల మీద అటునుంచి ఇటు జరిగింది. అప్పుడు మా హెడ్ క్లర్కు దగ్గరికి పోయి 'ఇది నాది' అంటే అయిపోయేది. కాని పదేళ్ల వడ్డీ గుర్తొచ్చింది, జాగ బయానా గుర్తొచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా, అందరికీ నోటీసులు రాసే మనిషి తానే ఎగ్గొట్టినవాడని తెలిస్తే తోటివాళ్లు ఎట్లా చూస్తారో అనిపించింది. ఆ సాయంత్రం నా ఫైలు టిఫిన్ సంచిలో ఇంటికి చేరింది. ఇన్సూరెన్సు కాగితాలని నా భార్యకు చెప్పి, ట్రంకు పెట్టెలో బొంతల కింద పెట్టాను.

ఒక్క ఫైలు దాచడం ఏం కష్టం అనుకుంటారు. కష్టమే. జాబితాలో ప్రతి నంబరుకూ ఎదురుగా ఏదో ఒకటి రాయాలి. నా నంబరు దగ్గర ఏం రాయాలో తోచక జాబితా మొత్తం ఆపేశాను. ఎవరడిగినా 'తయారవుతున్నది' అనేవాణ్ని. నోటీసులు మాత్రం పంపాను. వాటిలో చాలా భాగం చిరునామాదారు లేరని తిరిగి వచ్చాయి. అట్లాంటి వాళ్లను వెతికి పట్టుకునే పని కూడా నాదే అయింది.

తిరిగి వచ్చిన నోటీసుల్లో ఒకటి ఒక నేతపని ఇంటి ఆడపిల్లది. జమానతుదారుడు అదే ఊళ్లోని ఒక నేత కార్మికుడు. ముందు ఆయన దగ్గరికి పోయాను. చిన్న పట్నం, ఆ వాడలో సగం ఇళ్లలో అప్పటికే పవర్‌లూములు వచ్చి గోడలు అదురుతున్నాయి. ఈయన మాత్రం ముందుగదిలో గుంట మగ్గం మీద నేస్తున్నాడు. అరవై దాటిన మనిషి, చెవులు కొంచెం మందం. నేను వచ్చిన పని చెప్పగానే కాళ్లు గుంటలోంచి తీసి లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల తండ్రీ తానూ ఒకే కార్ఖానాలో పనిచేసేవాళ్లమనీ, ఆయన పోయినాక పిల్ల చదువు ఆగుతుందంటే తానే సంతకం పెట్టాననీ చెప్పాడు. ఆ తర్వాత చేతులు కట్టుకుని, "సంతకం నాది సారూ. అడిగితే నన్ను అడుగుండ్రి. ఆ పొల్లకు ఉత్తరం రాయకుండ్రి, పరేషాన్ అయితది" అన్నాడు.

ఆయన నెలంతా నేసినా ఇల్లు గడవడమే కష్టమని ఆ గది చూస్తే తెలుస్తుంది. ఆమె ఎక్కడుందో చెప్పమని చాలాసేపు బతిమాలితే, ఆదిలాబాద్ అడవుల్లో ఎక్కడో టీచరుగా ఉందని ఊరి పేరు చెప్పాడు.

మార్చి నెల చివర్లో పోయాను. పొద్దున్నే బస్సు గోదావరి దాటుతుంటే నీళ్ల మీద పలచని పొగమంచు ఉంది. ఇసుక తిన్నెలు మధ్యమధ్య లేచి, ఎవరో పడుకుని దుప్పటి కప్పుకున్నట్టున్నాయి. మంచిర్యాలలో బస్సు మారాను. ఆ రెండో బస్సు టేకు చెట్ల మధ్య ఎంతసేపు పోయిందో గుర్తులేదు. ఆకులు రాలిపోయిన అడవిలో మోదుగులు ఒక్కటే ఎర్రగా పూసి ఉన్నాయి. ఇప్పపూల వాసన బస్సు లోపలికి వస్తూ పోతూ ఉంది. ఆ వాసనకో, ఊగుడుకో, బస్సులో అందరమూ సగం నిద్రలో ఉన్నాం. నేను దిగాల్సిన చోట కండక్టరు భుజం తట్టి లేపాల్సి వచ్చింది.

బడి అంటే రెండు గదులు, ఒక వసారా. వసారాలో పిల్లలు తెచ్చిన ఇప్పపూలు చాప మీద ఎండుతున్నాయి. ఆమె నా ఈడుదే. చెవుల దగ్గర వెంట్రుకలు అప్పుడే తెల్లబడ్డాయి. నేను ఫలానా ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే లోపలికి పోయి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చింది. సుద్దముక్కల కింద పోస్టాఫీసు పాస్‌బుక్కు ఉంది.

"ఎవరన్న వస్తరని చూసిన సార్. ఎవరు రాలే. నెలకు ముప్పై, గీండ్ల ఏసుకుంట వచ్చిన" అంది.

పేజీలు తిప్పాను. తొమ్మిదేళ్లకు పైగా, ఒక్క నెల తప్పలేదు. కట్టడానికి ఎక్కడికి పంపాలో చెప్పమని తాను రెండుసార్లు ఆఫీసుకు రాశాననీ, జవాబు రాలేదనీ చెప్పింది. ఆ పాస్‌బుక్కు నా చేతిలో బరువుగా ఉందని రాస్తే మీరు నమ్మరు గాని, దాన్ని నేను త్వరగా తిరిగి ఇచ్చేశానన్న మాట నిజం.

అప్పుడు నా సంచిలోని సర్క్యులర్ తీసి చూపించాను. ఆ అప్పుతో చదివి టీచరుగా చేరినవాళ్లకు, పాఠం చెప్పిన ఒక్కో ఏడాదికీ అప్పులో పదోవంతు మాఫీ. ఏటేటా హెడ్మాస్టరు సర్టిఫికెట్ పంపాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఆ కాగితం మూడుసార్లు చదివింది. తర్వాత గదిలోని పిల్లల వైపు చూసింది. వాళ్లు గోండీలో ఏదో గుసగుసలాడుకుంటున్నారు.

"అంటే, గిన్నేండ్లు నేను కట్టినట్టేనా?"

"తొమ్మిది వంతులు కట్టినట్టే. ఒక్క వంతు మిగిలింది" అన్నాను.

మూడు బడుల్లో పనిచేసింది, మూడు చోట్ల నుంచీ సర్టిఫికెట్లు తెప్పించి పంపమన్నాను. పది రోజుల్లో పంపుతానంది. పిల్లలతో పాటే నాకూ భోజనం పెట్టించింది. మాటల మధ్యలో ట్రెజరీ కిటికీ సంగతి నా నోట దొర్లింది. ఆమె తలెత్తి, "మీరు గూడ గీ అప్పుతోనే సదివిండ్రా సార్?" అని అడిగింది. అవునన్నాను.

"మీది తీరిందా?"

"తీరింది" అన్నాను.

అప్పటిదాకా దాచడమే. నోరు తెరిచి అబద్ధం చెప్పడం అదే మొదలు. ఆమె సంతోషపడింది. మనలాంటి వాళ్లు ఇట్లా ఆఫీసుల్లో ఉంటే మంచిదని కూడా అంది. తిరుగు బస్సులో అడవి అట్లాగే ఉంది, ఇప్పపూల వాసన అట్లాగే ఉంది, నాకు మాత్రం నిద్ర రాలేదు.

సర్టిఫికెట్లు చెప్పినట్టే రిజిస్టరు పోస్టులో వచ్చాయి. ఒకటి తేవడానికి రెండు వాగులు దాటి పోవాల్సి వచ్చిందని వెంట ఉన్న ఉత్తరంలో రాసింది. వాటిని జాబితాతో కలిపి పైకి పంపాలి. జాబితా పంపితే నా నంబరు ఖాళీగా కనబడుతుంది. సర్టిఫికెట్లను సొరుగులో పెట్టాను. రేపు పంపుదాం అనుకున్నాను. అట్లా ఏప్రిల్ పోయింది, మే పోయింది. ఆ ఎండాకాలం నాకు సరిగ్గా గుర్తుండదు. ఫ్యాను కింద కాగితాలు లేచి పడుతుంటే చూస్తూ కూర్చున్నట్టు మాత్రం గుర్తు.

ఈలోగా పక్క బల్ల తన పని తాను చేసుకుపోయింది. నోటీసు పోయి మూడు నెలలైనా జవాబు నమోదు కాని కేసులను జప్తు కోసం మండలాఫీసుకు పంపడం ఆ గుమాస్తా పని. ఆమె జవాబు నా సొరుగులో ఉంది కనుక, అతని లెక్కలో ఆమె జవాబే ఇవ్వలేదు. నాకు చెప్పకుండా పంపాడని అనను. చెప్పే ఉంటాడు, నేను వినలేదు.

వానలు మొదలైన వారంలో, ఒక పొద్దున పదకొండు గంటలకు, ఆమె మా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉంది. మూడు బస్సులు మారి వచ్చింది. చీర అంచు మోకాలి దాకా బురద. నా బల్ల దగ్గరికి వచ్చి రుమాలు మూట విప్పి నోట్లు పెట్టింది. పాస్‌బుక్కులోవన్నీ తీసుకొచ్చింది.

"మాఫీ ఉంటే ఉండనీయుండ్రి సార్. మొత్తం కట్టుకోండ్రి. నాకు జమానతు సంతకం పెట్టిన కాక మగ్గానికి జప్తు కాయితం అంటిచ్చి పోయిండ్రట. పదిహేను రోజులాయె, ఆయన దాన్ని ముట్టుకుంటలేడు."

గొంతు పెంచలేదు. ఆ మాటలు ఎవరికో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మా హెడ్ క్లర్కు తన కుర్చీలోంచే విన్నారు. ఈమె సర్టిఫికెట్లు పంపిందా అని నన్ను అడిగారు. పంపిందన్నాను. ఎప్పుడంటే ఏప్రిల్ మొదట్లో అన్నాను. మరి పైకి ఎందుకు పోలేదని అడిగారు.

పై ఆఫీసు మీద నెట్టేయొచ్చు. పక్క బల్ల మీద నెట్టేయొచ్చు. మా కొలువులో అది పెద్ద విద్యేమీ కాదు. కాని ఆమె నా ముఖం వైపే చూస్తోంది, నా జవాబును ముందే నమ్మేసినట్టు. నేను లేచి, అరగంటలో వస్తానని చెప్పి, వానలోనే సైకిల్ మీద ఇంటికి పోయాను. బొంతలు తీసి కింద పడేసి ఫైలు పట్టుకుని వచ్చాను. దాన్ని హెడ్ క్లర్కు బల్ల మీద పెట్టి, ఇది నాదనీ, దీన్ని దాచడానికే జాబితా ఆపాననీ అందరూ వినేటట్టే చెప్పాను.

ఆయన అలవాటు ప్రకారం రుమాలుతో తుడిచి ఫైలు తెరిచారు. స్టాంపు కాగితం చాలాసేపు చూశారు. "నీ సంతకం గిప్పటికన్న అప్పుడే మంచిగుండె" అన్నారు.

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె నెమ్మదిగా అడిగింది. "ఆ దినం తీరింది అన్నరు."

"అబద్ధం చెప్పిన."

ఆమె తిడుతుందనుకున్నాను. పర్వాలేదంటుందేమో అని కూడా ఒక మూల ఆశ ఉండింది. రెండూ అనలేదు. నోట్లు లెక్కపెట్టి మళ్లీ రుమాలులో కట్టుకుంది. "నా దరఖాస్తు ఇయ్యాల పోతదా?" అని అడిగింది. పోతుందన్నాను. "పోయినంకనే బస్సెక్కుత" అని గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

జాబితా ఆ రోజే పూర్తయింది. నాలుగు నెలలు తయారుకానిది నాలుగు గంటల్లో అయింది. నా నంబరు ఎదురుగా నా పేరు నేనే రాసుకున్నాను. హెడ్ క్లర్కు మండలాఫీసుకు ఉత్తరం చెప్తుంటే నేను రాశాను. పనిముట్లను, మగ్గాన్ని జప్తు చేయకూడదని అసలు నిబంధనే ఉందట. కాగితం అంటించినవాళ్లకు అది తెలియదు, ఇన్ని నోటీసులు రాసిన నాకూ తెలియదు. కవర్లు టపాలో పడ్డాయని రసీదు చేతిలో పెట్టుకున్నాకే ఆమె లేచింది. నమస్కారం చేసి వెళ్లిపోయింది.

తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను. ఆమె మాఫీ ఉత్తరువు దాదాపు ఏడాదికి వచ్చింది. మిగిలిన ఒక్క వంతు కట్టేసింది. రసీదు అందిందని రెండు వాక్యాల ఉత్తరం రాసింది, ఆఫీసు పేరు మీద. నాకు మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు, అప్పూ వడ్డీ జీతంలోంచి కోశారు. ఇంటి జాగ పోయింది. నా భార్య రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు, జాగ కోసం కాదు, ఇన్సూరెన్సు కాగితాలన్నందుకు. మరుసటి ఏడు ఆదిలాబాద్‌కు బదిలీ చేశారు. అది శిక్షే, కాని అక్కడ నేను తిరిగిన బడుల్లో ఆ అప్పుతో చదివిన టీచరు ఎక్కడ కనబడినా కూర్చోబెట్టి సర్టిఫికెట్లు రాయించుకున్నాను. జీతంలో ఆ కోత పూర్తయ్యేసరికి తొంభైలు వచ్చేశాయి.

మగ్గం సంగతి మిగిలింది. ఆ కాగితం తీసేయమన్న ఉత్తరాన్ని మాత్రం టపాలో వేయకుండా నేనే పట్టుకుపోతానని ఆ రోజే అడిగాను. హెడ్ క్లర్కు సరేనన్నారు. మరునాడు మండలాఫీసు ముద్ర వేయించుకుని మధ్యాహ్నానికి ఆ వాడకు చేరాను. వాన వెలిసింది. పవర్‌లూముల చప్పుడు మధ్య ఆ ఒక్క గదే నిశ్శబ్దంగా ఉంది. ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మగ్గం మీద సగం నేసిన పంచె అట్లాగే ఆగి ఉంది. మగ్గం కొయ్య దిమ్మె మీద జప్తు కాగితం, దాని మీద ఎర్ర ముద్ర. తడిబట్టతో దాన్ని మెత్తబరిచి గోటితో గీకి తీశాను. ఆమె అప్పు కట్టేసిందా అని ఆయన అడిగాడు. పాఠాలు చెప్పడమే కట్టడం కింద లెక్క వేస్తారని గట్టిగా, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"సర్కారు గట్ల గూడ లెక్కపెడ్తదా?"

"పెడ్తది పెద్దయ్యా, జర ఆలస్యంగ. ఈ కాయితం గూడ నా వల్లనే అంటింది. ఆమె దరఖాస్తు నేనే ఆపిన."

ఆయనకు వినబడిందో లేదో తెలియలేదు. గుంటలోకి కాళ్లు దించి పడుగు పోగుల మీద అరచెయ్యి ఆనించి, అటుచివర దాకా మెల్లగా జరిపాడు. పదహారు రోజుల్లో ఎలుకలు ఒక పక్క పోగులు కొరికేశాయి. తేమకు కొన్ని వాటంతటవే తెగాయి. కాసేపు వాటినే చూసి, "దా, గీ పక్కకు కూసో. తెగినయి అతకాలె" అన్నాడు.

చెప్పులు విప్పి కూర్చున్నాను. ఒక కొస నా చేతికిచ్చి ముడి ఎట్లా వేయాలో చూపించాడు. రెండు వేళ్ల మధ్య సన్నగా తిప్పి బిగిస్తే కనబడకుండా కలిసిపోతుంది. కరీంనగర్ చివరి బస్సు ఐదింటికే అని తెలిసీ లేవబుద్ధి కాలేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురులో పోగులు ఒకసారి కనబడుతూ ఒకసారి మాయమవుతూ ఉన్నాయి. ఆయన పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడో పాడుకుంటున్నాడో అడగలేదు. పొద్దు వాలేదాకా నేను ముప్పై, నలభై ముడులు వేసి ఉంటాను. అంత శ్రద్ధగా నేను ఏ ఫైలూ రాయలేదు. చివరికి ఆయన నా వైపుకు జరిగి, నవ్వకుండా, నేను వేసిన ముడులన్నీ ఒక్కొక్కటిగా విప్పి, మళ్లీ తనే వేసుకున్నాడు.